ముందు అడుగు, తర్వాతే చెయ్యి

ఆదివారం పొద్దున్నే సరళ ఇంట్లో గొడవ మొదలైంది. తొమ్మిదేళ్ల కూతురు కేశవి డాన్సు చీర కట్టించుకోనని మంచం కింద దూరింది.

"బయటికి రావే! విజయలక్ష్మి టీచర్ ఏడున్నరకల్లా ఉండాలనింది," అంటూ సరళ వంగి చెయ్యి పట్టుకుని లాగింది.

"కడుపునొప్పి మా."

"ఆదివారం ఆదివారం వచ్చే కడుపునొప్పి ఏందే అది?"

ఈ క్లాసు కోసం సరళ మార్కాపురమంతా గాలించింది. బస్టాండు దగ్గర సినిమా డాన్సుల క్లాసులో సౌండు బాక్సుల మోతకు తనకే తల పగిలింది. ఫోన్లో నేర్పే క్లాసులో సిగ్నల్ పోయి, టీచరమ్మ ఒంటికాలి మీద అట్లాగే ఆగిపోయింది. చివరికి కూచిపూడి నేర్పే విజయలక్ష్మి నాట్యం చూడగానే సరళ మనసు పారేసుకుంది. భర్త మధుసూదన్ మాత్రం "నీ ఇష్టం" అనేసి పలకల ఫ్యాక్టరీకి వెళ్లిపోయాడు. ఆయనకు ఆ రెండు మాటలుంటే చాలు, సంసారం గడిచిపోతుంది.

ఆ రోజు పెళ్లివాళ్ల జాకెట్లు కుట్టివ్వాల్సి ఉండి, సరళ కూతుర్ని అత్త ఎల్లమ్మతో పంపింది. ఎల్లమ్మ పెద్దారవీడు వైపు గొర్రెలు కాసిన మనిషి. మందను అదిలించిన గొంతు ఆవిడది, ఎవరికీ జంకదు. అలాంటావిడ తొమ్మిదింటికి కేశవిని వెంటబెట్టుకుని, మొహం ముడుచుకుని తిరిగొచ్చింది. చెప్పులు విడవకముందే అందుకుంది.

"నలుగురిలో నా పరువు పోయింది సరళా. ఆ టీచరమ్మ నీకో మాట చెప్పమనింది."

కుట్టుమిషన్ ఆగింది. "ఏమనింది అత్తా?"

"పిల్ల గోడకు కరుచుకొని నిలబడింది. ఆమె నా దగ్గరికొచ్చి, 'వాళ్లమ్మకు తొందరెక్కువ, ముందు అడుగు, తర్వాతే చెయ్యి అని చెప్పండి' అనింది. నిజమే గదా! పిల్లను ముందు అడగాల, తర్వాత ఏదన్నా చెయ్యాల. నువ్వెప్పుడన్నా అడిగినావా?"

సరళకు నవ్వాగలేదు. "అయ్యో అత్తా! అడుగంటే కాలితో వేసే అడుగు. చెయ్యంటే ఇదిగో, ఈ చెయ్యి. చేతి ముద్రలు ఎప్పుడు నేర్పిస్తారని నిన్న ఫోన్ చేసినాలే. ముందు కాళ్లు కుదరాల, తర్వాతే చేతులని చెప్పింది ఆమె."

ఎల్లమ్మ తెల్లబోయింది. అంతమాత్రాన వెనక్కి తగ్గే రకం కాదు. "ఆమె ఏ అడుగన్నా అననీ. నేనడిగేది ఇది. పిల్లను అడిగినావా, లేదా?"

సరళ నవ్వు సగంలోనే పోయింది. ఊళ్లో అందరినీ అడిగింది గానీ కూతుర్ని మాత్రం అడగలేదు. కేశవిని దగ్గరికి తీసుకుంది. ఏడ్చి ఏడ్చి పిల్ల కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"నీకు డాన్సు ఇష్టం లేదా అమ్మా?"

"ఇష్టమే. ఒక్కదాన్నే నిలబెట్టి అందరూ చూస్తేనే భయం. పక్క వీధిలో సరోజమ్మత్త కోలాటం నేర్పిస్తాది. దాంట్లో నేను ఆడేటప్పుడు ఎదురుగా ఇంకో పిల్ల ఉంటాది మా. నేను తప్పు కొట్టినా నవ్వి, తన కర్ర నా కర్రకు తాకిస్తాది."

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేమే?"

"నేను ఆ చీర కట్టుకుంటే నీకెంత సంతోషమో. అందుకని చెప్పలేదు."

సరళ పిల్ల కళ్లు తుడిచింది. "తప్పు నాదే తల్లీ. చిన్నప్పుడు బళ్లో డాన్సుకు పేరిచ్చినా. మా నాయన వచ్చి ఆ పేరు కొట్టేయించినాడు. నువ్వు ఆడితే నేను ఆడినట్టే అనుకున్నా," అంది.

ఎల్లమ్మ కోడలి పక్కన చతికిలబడి, ఆ గొంతును ఎన్నడూ లేనంత తగ్గించింది.

"మీ నాయన అడగలేదు. పన్నెండేళ్లాయె నువ్వు ఈ ఇంటికొచ్చి, మేమూ అడగలేదు. ఇప్పుడు నేను అడుగుతుండా. పిల్లను కోలాటానికి పోనీ, ఆ కూచిపూడి నువ్వు నేర్చుకుంటావా?"

"ముప్పై నాలుగేళ్లొచ్చినాయి అత్తా. జనం నవ్వుతారు."

"నవ్వేటోళ్ల సంగతి నేను చూసుకుంటాలే. ఆదివారం వంట కూడా నాదే. నువ్వు నాకు జవాబు చెప్పు."

సరళ నోరు తెరిచింది. మాటకు ముందు ఏడుపొచ్చింది. పుట్టింట్లోనూ మెట్టినింట్లోనూ ఇన్నేళ్లలో ఆ మాట అడిగిన మొదటి మనిషి అత్తే. ఆవిడ భుజం మీద తల వాల్చి, పక్కన కూతురు చూస్తోందన్న సంగతి కూడా మరిచి వెక్కివెక్కి ఏడ్చింది.

"నేర్చుకుంటా అత్తా," అంది.