పెట్రోల్ వయసు

కోరుట్ల శివారులో మొక్కజొన్న గోదాం తగలబడింది.

తెల్లారేసరికి రేకులు వంగిపోయి ఉన్నాయి. లోపల ఒక శవం. వాచ్‌మన్ కనకయ్య.

తలుపు గొళ్ళెం బయటి నుంచి పెట్టి ఉంది.

జగిత్యాల క్రైమ్ ఇన్‌స్పెక్టర్ బుచ్చయ్య ఆ గొళ్ళేన్ని చాలాసేపు చూశాడు. ఇది ప్రమాదం కాదు. మర్డర్.

కనకయ్య భార్య నర్సవ్వ బూడిదలో కూర్చుని ఉంది. ఏడవడం లేదు.

"ఎవడో చెప్పు సారూ. ఉరి గిరి నాకద్దు. వాణ్ణి గిట్లనే ఓ అర్రల పెట్టి, గొళ్ళెం నా చేతికియ్యి."

మరునాటికి నిందితుడు దొరికాడు. సిరిసిల్లలో సాంచాలు నడిపే విజయ్. అతని మరమగ్గం వెనక ఐదు లీటర్ల డబ్బా. అడుగున కొంత పెట్రోల్. మూత లేదు. ఆ మూత గోదాం దగ్గర దొరికింది.

మోటివ్ కూడా సిద్ధంగా ఉంది. గోదాం సాకేత్ రావుది. బోయినపల్లి దగ్గర ఇథనాల్ ఫ్యాక్టరీ పెట్టబోయాడు. విజయ్ సొంతూరు అదే. జనాన్ని కూడగట్టి రోడ్డు మీద పడుకున్నాడు. ఫ్యాక్టరీ ఆగిపోయింది.

"నీ మక్కలకు అగ్గివెడ్త అని మైకుల అన్నవా, లేదా?"

"అన్న సార్. కోపంల అన్న."

"పెట్రోల్ ఏ బంకుల పోయించినవ్?"

"నాకు బండే లేదు సార్. సైకిల్ మీద తిరుగుత."

"డబ్బా?"

"నాది కాదు. నా పిల్లల మీద ఒట్టు."

బుచ్చయ్య డబ్బా మూతి దగ్గర ముక్కు పెట్టాడు. ఆగాడు. మళ్ళీ పెట్టాడు.

బంకు వాసన కాదు. పాత వార్నిష్ వాసన.

*

జగిత్యాలలో సాకేత్ రావు బంగళా. ఆ గుమ్మం ఎక్కుతుంటే బుచ్చయ్య ఎడమ చెంప చురుక్కుమంది.

నాలుగేళ్ళ కిందటి మాట. కొండగట్టు మీద అంజన్న జయంతి రద్దీ. బుచ్చయ్య అతని కారు ఆపి, "బండికి ఎంట్రీ లేదు సార్, నడవాలె" అన్నాడు. సాకేత్ రావు దిగి, మాల వేసుకున్న వేలమంది ముందు చెంప పగలగొట్టాడు. పైగా సారీ చెప్పింది బుచ్చయ్యే. ట్రాన్స్‌ఫర్ అయ్యింది కూడా బుచ్చయ్యకే.

సాకేత్ రావుకు అదేం గుర్తున్నట్టు లేదు. కొట్టినవాడికి ఎందుకు గుర్తుంటుంది?

ఆఫీసు గది గోడ నిండా ఒక గ్రాఫ్. దేశంలో ఇథనాల్ ఉత్పత్తి. ఏటేటా ఎత్తు పెరిగే ఆకుపచ్చ గీతలు.

"చూసినవా ఇన్‌స్పెక్టర్? పన్నెండేండ్ల కింద పెట్రోల్ల ఇథనాల్ నూటికి రెండు పాళ్ళు గూడ లేకుండె. కరోనల మా నాయిన పోయిన ఏడాది, ఐదు. ఇరవై రెండుల పది. ఇయ్యాల బంకుల పోసేదాంట్ల ఇరవై! చెరుకు, నూకలు, మక్కలు... ఎంత తీసినా సాల్తలేదు. దేశం గిట్ల ఉరుకుతుంటె, ఆ సాంచాలోడు నాకు అడ్డం పండుకున్నడు. వాడు మల్ల బయట కనపడద్దు."

"చేసినోడు కనపడడు సార్. మీరు ఆ తెల్లారి ఎటు పోయిన్రు?"

"సిరిసిల్ల. పెండ్లికి."

"మీ ఇంట్ల పెట్రోల్ బండ్లున్నయా?"

"అన్నీ డీజిలే. ఎందుకు?"

"ఊకెనే సార్."

బయటికి వస్తూ బుచ్చయ్య పెరటి వైపు చూశాడు. రేకుల కింద, పట్టా కప్పుకుని, ఒక పాత ఫియట్ కారు.

*

వారం తర్వాత, పట్టపగలు, అదే గది. సాకేత్ రావు, అతని తల్లి జానకమ్మ, నర్సవ్వ. బేడీలతో విజయ్.

విజయ్‌ని చూడగానే నర్సవ్వ మీదికి ఉరికింది. "నా మొగన్ని సంపి సాంచాల సందుల దాసుకుంటవారా!"

"జెర ఆగు నర్సవ్వా," అన్నాడు బుచ్చయ్య. బల్ల మీద మూడు గాజు జాడీలు పెట్టాడు. మూడింటిలోనూ సగందాకా నీళ్ళు. నీళ్ళ మట్టం దగ్గర ఎర్ర గీత.

"పెట్రోల్, నీళ్ళు కలవయి. నీళ్ళు కిందికి దిగుతయి. కానీ పెట్రోల్ల ఉన్న ఇథనాల్ నీళ్ళల్లకు గుంజుకపోతది. ఇథనాల్ ఎంతుంటె నీళ్ళ మట్టం అంత పెరుగుతది."

మొదటి జాడీలో పొద్దున బంకులో పోయించిన పెట్రోల్ పోసి ఊపాడు. నీళ్ళు తేరుకున్నాయి. ఎర్ర గీత దాటి బొటనవేలంత పైకి.

రెండో దానిలో విజయ్ దగ్గర దొరికిన డబ్బా పెట్రోల్. నీళ్ళు గీత దాటాయి. బియ్యపు గింజంత. అంతే.

"ఇది ఇయ్యాలటిది కాదు సార్. మీ గోడ మీది లెక్క ప్రకారం, ఐదు పాళ్ళ నాటిది. మీ నాయిన పోయిన ఏడుది."

సాకేత్ రావు చూపు గ్రాఫ్ మీదికి పోయింది.

"అమ్మా, పెరట్ల ఉన్న ఫియట్ ఎవలది?"

"మా దొరది," అంది జానకమ్మ. "జలపతి రావు దొర ప్రతి మంగళారం కొండగట్టుకు దాంట్లనే పోతుండె. కరోనల ఆయన పోయినంక దాన్ని ఎవ్వలు ముట్టలే. మొన్న కారు చూస్తనంటె నీకు తాళం ఇచ్చింది నేనే గద, ఇన్‌స్పెక్టర్!"

"ముట్టిండ్రమ్మా. కారు మీద ఆరేండ్ల దుమ్ము. నేను చూసేసరికే ట్యాంకు మూత మీద మాత్రం లేదు."

మూడో జాడీలో ఆ ట్యాంకు పెట్రోల్ పోశాడు. ఊపాడు.

బియ్యపు గింజంత.

"నీళ్ళాటలు ఆడితే కేసైతదా?" అన్నాడు సాకేత్ రావు, జాడీని పక్కకు నెడుతూ.

"ఫోరెన్సిక్ ల్యాబు కూడ గదే మాట రాసిచ్చింది సార్. పెట్రోలే గాదు, ట్యాంకు తుప్పు గూడ డబ్బాల దొరికింది. బంకుల కెమెరా ఉంటదని కొనలేదు. బండి డీజిల్. నాయిన కారు యాదికొచ్చింది. మంట పెట్టి, తెల్లారి పెండ్లికి పోతూ డబ్బా సిరిసిల్లల దించిన్రు. గోదామొక్కటే కాలితే విజయ్ బెయిల్ మీద వచ్చేస్తడు. మనిషి సస్తే రాడు. గందుకే గొళ్ళెం."

జానకమ్మ కొడుకు ముఖం వైపు చూసి, చూపు తిప్పుకుంది.

బుచ్చయ్య చెయ్యి పైకి లేచింది. సాకేత్ రావు గబుక్కున చెంప కప్పుకున్నాడు.

అంటే గుర్తుంది. అన్ని రోజులూ గుర్తుంది.

బుచ్చయ్య నవ్వాడు. ఆ చేత్తో విజయ్ బేడీలు తీశాడు. అవే సాకేత్ రావుకు వేశాడు.

బయట వీధి నిండా జనం. పోలీసు జీపు సందు చివర ఆగి ఉంది.

"ఇన్‌స్పెక్టర్... బండి లోపటికి పిలువు. అందరు చూస్తున్నరు."

"బండికి ఎంట్రీ లేదు సార్," అన్నాడు బుచ్చయ్య. "నడవాలె."

నర్సవ్వ అందరికంటే ముందు నడిచింది. గేటు గొళ్ళెం తన చేత్తోనే తీసింది.