మంచి పన్నును గీకిన డాక్టరమ్మ

“ఆగుండ్రి మేడం! గది మంచి పన్ను!”

శ్రావణ్ అరుపుకు డాక్టర్ నిఖిత చేతిలో గుయ్యిమంటున్న డ్రిల్లు ఠక్కున ఆగింది. కుర్చీలో వెల్లకిలా పడుకున్న వసంతమ్మ నోరు మాత్రం తెరిచే ఉంది. అరిచింది కొడుకు, నోరు తెరిచింది తల్లి. తలుపు దగ్గర ఉన్నవాళ్లకు ఎవరి అరుపో అర్థం కాలేదు.

“మంచి పన్నని నాకు తెల్సు. మంచిదని తెల్సే గీకుతున్న,” అంది నిఖిత, మాస్కు దించకుండానే.

“ఇగో, ఒప్పుకున్నరు! లేని పండ్లు పెట్టమంటె ఉన్న పండ్లు అరగదీస్తరా?”

“అన్నా, మీరు జర బయట కూసోండ్రి.”

ఆ ‘అన్నా’ శ్రావణ్‌కు పంటి కింద రాయిలా తగిలింది. అయినా కదల్లేదు.

బోధన్ శక్కర్‌నగర్‌లో అతనికి లేత్ షాపు ఉంది. చెరుకురసం మిషన్ల రోలర్లు, ట్రాక్టర్ల షాఫ్టులు అతని చేతిలో పడితే నున్నగా తిరగాల్సిందే. మిషన్ లేత్, మనసు లేత, అనుమానం మాత్రం బాగా ముదురు. బీడీలు చుట్టి తనను చదివించిన తల్లికి కింది దవడలో అటూ ఇటూ కలిపి నాలుగు పళ్లు ఊడిపోయాయి. ఆమె జొన్నరొట్టెను పాలలో నానబెట్టుకుని తింటుంటే చూడలేక, నిజామాబాద్ ఖలీల్‌వాడిలో కొత్తగా తెరిచిన ఈ క్లినిక్‌కు తీసుకొచ్చాడు. తీసి పెట్టుకునే పళ్ల సెట్టు సరిపోతుందన్నారు. సెట్టు పెట్టేది ఖాళీలో, గీకేదేమో పక్కింటి పన్నును! పన్ను మీద పన్ను వేసే సర్కారును చూశాడు గానీ, పన్ను కోసం పన్నును గీకే డాక్టర్‌ను ఇప్పుడే చూస్తున్నాడు.

“పక్క పండ్లు పట్టుకుంటెనే సెట్టు నిలబడుతది,” అంది నిఖిత ఓపిక తెచ్చుకుని. “ముందుగాల వాటిని తయారు చెయ్యాలె. పక్కలు కొంచెం సాపు చేస్త, మీద చిన్న గుంట పెడ్త, ఎందుకంటె...”

“గుంటనా! పన్నుల గుంట పడితెనే జనం మీ దగ్గరికొస్తరు. మీరే గుంట పెడితె ఇగ వాపస్ ఎట్ల పోతరు?”

“మొత్తం చెప్పనియ్యరా?”

“నాకు మొత్తం సమజైంది.”

“అయితె చెప్పను,” అంది నిఖిత.

వసంతమ్మ లేచి కూర్చుంది. “దవడ గుంజుతుంది గదరా! గీకనియ్యి. పన్ను నాది, నీదా?”

పది నిమిషాల్లో రెండు వైపులా చెరో పన్ను మీద చిన్న గుంట తయారైంది. మత్తు సూది లేదు, నొప్పి లేదు. నొప్పి లేకపోవడం శ్రావణ్‌కు మరీ అనుమానం పుట్టించింది.

రెండోసారి అతను జేబులో వెర్నియర్ కొలబద్ద పెట్టుకుని వచ్చాడు. నిఖిత తీసిన తల్లి పళ్ల అచ్చును టేబుల్ మీద పెట్టి గుంటను కొలిచాడు. ఒకటిన్నర మిల్లీమీటర్ లోతు.

నిఖిత కళ్లు చిన్నవయ్యాయి. “నిజం చెప్పుండ్రి. ఏ క్లినిక్ వాళ్లు పంపిండ్రు మిమ్మల్ని?”

“నన్నెవరు పంపుతరు?”

“పేషెంట్ మనుషులు గోడలు చూస్తరు, ఫోన్లు చూస్తరు. మీరు మొన్న నా డ్రిల్లు ఎన్ని చుట్లు తిరుగుతదని అడిగిండ్రు.”

“నా మిషన్ నిమిషానికి రెండువేలు తిరుగుతది. మీరు ఇంకా చెప్పలే.”

“మూడు లక్షలు.”

“మూడు... లక్షలా? గంత చిన్న చేతిల?”

శ్రావణ్ తల కూడా దాదాపు అదే స్పీడులో తిరిగింది. మూడు లక్షల చుట్లు తిరిగేదాన్ని పట్టుకుని వెంట్రుకంత కూడా వణకని ఆ చేతి వైపు మొదటిసారి సరిగ్గా చూశాడు. అక్కడి నుంచి చూపు మాస్కు పైన ఉన్న కళ్లకు పాకింది. అనుమానం అక్కడే ఆగిపోవాల్సింది. కానీ అనుమానం ఉంటేనే గదా మళ్లీ రావడానికి కారణం ఉండేది!

అందుకని జాగ్రత్తగా కాపాడుకున్నాడు.

ఓ వానసాయంత్రం ముద్దగా తడిసి, ఒక్కడే దిగాడు.

“అవ్వ ఏది?” అంది నిఖిత.

“రాలె. సెట్టు ఎందాక వచ్చిందో అడుగుదామని...”

“ఫోన్ ఉంది గద?”

“ఫోన్ల అబద్ధం చెప్తె తెల్వది. ముఖం చూస్తె తెలుస్తది.”

“ముఖానికి మాస్కు ఉంది గద.”

“కండ్లకు లేదు గద.”

నిఖిత కిటికీ వైపు తిరిగి వాన చూసింది. మాస్కు ఒక్కసారి పైకి జరిగినట్టనిపించింది. నవ్విందా? నిలువునా తడిసిన శ్రావణ్ బోధన్ బస్సులో ఇంటికెళ్లే దాకా ఆ ఒక్క అనుమానాన్నే నమిలాడు.

చివరికి సెట్టు వచ్చింది. తళతళలాడే లోహపు చట్రం, దాని మీద నాలుగు పళ్లు. ల్యాబులో హారిస్ అనే పనివాడు పోత పోసి పంపాడు. నిఖిత నోట్లో పెట్టి చూసి, సరిగ్గా కూర్చుందంది.

“నోరంత నిండినట్టుంది బిడ్డా,” అంది వసంతమ్మ.

“కొత్తల గట్లనే ఉంటది పెద్దమ్మా. వారం ఓపిక పట్టుండ్రి.”

వారం ఓపిక పట్టే కొడుకైతే కథ ఇక్కడే అయిపోయేది. మర్నాడు శ్రావణ్ సెట్టును షాపులో లైటు కింద పెట్టి తిప్పి చూశాడు. చట్రం చివర అటొకటి ఇటొకటి, జొన్నగింజంత రెండు బుడిపెలు. ఏ పళ్లనూ మోయకుండా ఊరికే బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి.

పోత సామాను అతనికి కొత్త కాదు. మోటరు మూత వచ్చినా, పంపు వచ్చినా ఇలాంటి మిగులు ముక్కలు అంటుకునే ఉంటాయి. వాటిని రాకి నున్నగా చెయ్యడమే తన పని.

“సాపు చెయ్యకుండనే పంపిండ్రు,” అనుకుని గ్రైండర్ మీద రెండు బుడిపెలనూ రాకేశాడు. గుడ్డతో తుడిచి మెరుగు కూడా పెట్టాడు.

మూడు రోజులకు సెట్టు చిగురులోకి దిగబడింది. వసంతమ్మ దవడ వాచింది. నానబెట్టిన రొట్టె కూడా పోవడం లేదు. శ్రావణ్ తల్లిని వెంటబెట్టుకుని విజయగర్వంతో క్లినిక్‌లో అడుగుపెట్టాడు.

“నేను ముందే అన్ననా, లేదా? గీకి గీకి ఖరాబు చేసిండ్రు!”

నిఖిత సెట్టును చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. పళ్ల అచ్చు తెచ్చి అతని ముందు పెట్టింది.

“ఆనాడు చెప్పనియ్యలే మీరు. ఇప్పుడు చూడుండ్రి. ఈ గుంట సీటు. సెట్టుకు చిన్న బుడిపె ఉంటది, అది ఈ సీటుల కూసుంటది. అప్పుడు నమిలే బరువు పన్ను మోస్తది, చిగురు మీద పడదు. బుడిపె లేకుంటె సెట్టు చిగురులకు దిగుతది. దీనికి బుడిపెలే లేవు!”

శ్రావణ్ రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

“పెట్టిన్నాడు ఉండె. నేను చూసిన. హారిస్ భాయ్ నాసిరకం పోత పోసినట్టుండు, విరిగిపోయినయి.” నిఖిత అప్పటికే ఫోన్ తీసింది. పక్క సందులోంచి హారిస్ పరుగున వచ్చాడు. నలభై దాటిన మనిషి, చొక్కా నిండా సుద్దపొడి.

“అల్లా కసం మేడం, మజ్‌బూత్‌గ పోసిన. ఇరిగే మాల్ కాదు అది.”

“మరి యాడికి పోయినయి హారిస్ భాయ్? పెద్దమ్మ మింగిందా? నాకు నమ్మకం పోయింది. రేపటి సంది పని హైదరాబాద్ పంపుత.”

హారిస్ రెండు చేతులూ ప్యాంటుకు తుడుచుకున్నాడు. తిరిగి తుడుచుకున్నాడు.

నోరు మూసుకుంటే చాలు, శ్రావణ్ గెలిచినట్టే. అనుమానించినవాడే తెలివైనవాడని నిఖిత కళ్లు ఒప్పుకుంటాయి. నోరు తెరిస్తే, ఇక ఈ మెట్లు ఎక్కే ముఖం ఉండదు.

“ఆయన తప్పు లేదు,” అన్నాడు. “నేనే రాకిన.”

“ఏంది?”

“బుడిపెలు. మిగులు ముక్కలనుకున్న. గ్రైండర్ మీద పెట్టి రాకిన.”

వసంతమ్మ వాచిన దవడతోనే, “ఓరి నీ చేతులు పడ!” అంది.

హారిస్ సెట్టును వెలుగులో పెట్టి చూశాడు. “రాకుడైతె మస్తు సాఫ్‌గ రాకినవ్ తమ్మీ,” అని నిట్టూర్చాడు. నిఖిత అతనికి రెండు చేతులూ జోడించింది. “మాఫ్ చెయ్యి భాయ్. అడగకుండనే అనేసిన.”

అతను వెళ్లాక ఆమె శ్రావణ్ ముఖం చూడలేదు. వసంతమ్మను కుర్చీలో పడుకోబెట్టింది. సెట్టును నోట్లోనే ఉంచి, దాని మీద మళ్లీ అచ్చు తీయాలి. ఆ అచ్చు మీద కొత్త బుడిపెలు అతకాలి. మెత్తటి ముద్ద నింపిన పళ్లెం నోట్లో పెట్టి వేళ్లతో నొక్కి పట్టింది.

“మూడు నిమిషాలు కదలొద్దు, మాట్లాడొద్దు పెద్దమ్మా.”

వసంతమ్మ కళ్లతోనే సరేనంది.

“ఎందుకు చెప్పిండ్రు?” అంది నిఖిత, పళ్లెం మీంచి చూపు తిప్పకుండా. “ఊకుంటె ఎవరికీ తెల్వకపోతుండె.”

“ఆయనా పనోడే, నేనూ పనోణ్నే. చెయ్యని తప్పుకు చేతులు తుడుచుకుంటుంటె చూడలేకపోయిన.”

“ఎనిమిదిసార్లు వచ్చిండ్రు ఇక్కడికి. అన్నిసార్లూ అనుమానమేనా?”

“మొదటి రెండుసార్లు అనుమానమే.”

“మిగిలిన ఆరు?”

శ్రావణ్ తల్లి వైపు చూశాడు. ఆమె కళ్లు విస్తరాకులంత అయ్యాయి. నోట్లో ముద్ద గట్టిపడుతోంది.

“మిగిలిన ఆరుసార్లు... మీరంటె ఇష్టమని వచ్చిన. ఇది నిజం. కావాలంటె అనుమానించుండ్రి.”

“ఊఁ... ఊఁఊఁ!” అంది వసంతమ్మ.

“కదలొద్దన్న గద పెద్దమ్మా!” నిఖిత చెయ్యి, మూడు లక్షల చుట్లకు వణకని చెయ్యి, కొంచెం వణికింది.

గడియారంలో మూడో నిమిషం నిండింది. పళ్లెం చప్పుడుతో ఊడి వచ్చింది. వసంతమ్మ పుక్కిలించకుండానే మొదలుపెట్టింది.

“మూడు నిమిషాల సంది నోట్ల మన్ను పెట్టుకొని ఇంటున్న! వాడేమో చెప్పిండు. నువ్వేమంటవ్ బిడ్డా?”

నిఖిత మాస్కు తీసింది. మొత్తం ముఖం శ్రావణ్‌కు దగ్గరగా కనిపించింది ఇప్పుడే. ఈసారి నవ్వు మీద అనుమానం లేదు.

“నేనొక్కదాన్నే ఏమంట పెద్దమ్మా? ఆదివారం మా బాపును తోలుకొని బోధన్ వస్త. మోర్తాడ్‌ల పసుపు పండిస్తడు. మార్కెట్‌కు పోయినా ఎవరి కాంటానూ నమ్మడు, తన కాంటా తానే మోసుకుపోతడు.” శ్రావణ్ వైపు తిరిగింది. “మిమ్మల్ని ఎన్నిసార్లు తూకమేస్తడో నాకు తెల్వది. తట్టుకుంటరా?”

“తోలుకరా బిడ్డా, తోలుకరా,” అంది వసంతమ్మ దవడ పట్టుకుని. “వీడు ఆయన కాంటాను ఇప్పి చూడకుంట నేను కాపలా ఉంట.”