మిద్దె మీద ఇంటి దాహం

కల్లూరులో షేర్ ఆటోలు మళ్లే చోట, వెల్డింగ్ షాపు వెనక, రామసుబ్బమ్మ మిద్దె మీద ఒక బాడుగ ఇల్లుంది. గాలి, వెలుతురు, బయటినుంచే మెట్లు... దేనికీ కొరత లేదు. అయినా ఎవరూ నిలవరని పేరు. అందరూ పడుకున్నాక వంటింటి గడప దగ్గర ఒక ముసలామె నీళ్లడుగుతుందట. లేచి చూస్తే — ఎవరూ ఉండరట.

ఆ పేరు ఎట్లా పుట్టిందో ఒక్క ఫిరోజాకే తెలుసు. పుట్టించింది ఆమే.

ఒకప్పుడు ఆ ఇంట్లో ఉండింది వాళ్లే. ఫిరోజా, మొగుడు సమీవుల్లా, అత్త జైనాబ్ బీ. పెళ్లయి వచ్చిన కొత్తలో ఆ ఇల్లు చూస్తే ఆమెకు ఏడుపొచ్చింది. గోడలు పెచ్చులూడిపోయి, వానొస్తే వంటింట్లో కారేది. సమీవుల్లా తాపీ పనివాడు. పగుళ్లు పూడ్చాడు, గచ్చు చేశాడు, ప్రతి రంజానుకూ ముందు తనే సున్నం కొట్టాడు. ఇల్లు అద్దంలా తయారైంది.

అదే వాళ్ల కొంప ముంచింది. ఆ నిగనిగలు చూసి, ఇంత మంచి ఇంటికి బ్యాంకు ఉద్యోగస్తులే వస్తారు కదా అని రామసుబ్బమ్మకు ఆశ పుట్టింది. ఖాళీ చేయమంది.

అప్పటికి జైనాబ్ బీ మంచం పట్టి ఉంది. "అత్త లేచి తిరగనీమ్మా, మేమే పోతాం," అని ఫిరోజా బతిమాలింది. రామసుబ్బమ్మ మాట పెంచలేదు. మిద్దె మీదికి పోయే నీళ్ల వాల్వు కట్టేసి, వాల్వున్న గదికి తాళం వేసి, తాళంచెవి కొంగున ముడేసుకుంది.

మండే ఎండాకాలం. వీధిలోంచి ఎన్ని బిందెలు మోసినా చాలేది కాదు. సామాను ఎక్కిస్తున్న పొద్దున అత్త నీళ్లడిగింది. ఇంట్లో చుక్క లేదు. ఫిరోజా చెంబు పట్టుకుని పరిగెత్తింది. తిరిగొచ్చేసరికి... ఆ నీళ్లతో అత్తకు పని లేకుండా పోయింది.

ఆ చెంబుడు నీళ్లు ఫిరోజా కడుపులో మరుగుతూనే ఉన్నాయి.

మొగుడితో పక్క వీధిలోనే బాడుగకు దిగింది. మిద్దె ఇల్లు చూడటానికి ఎవరొచ్చినా పాల అంగడి దగ్గర ఎదురయ్యేది. "ఆ ఇల్లా... మంచిదేనమ్మా. రాత్రిపూట ఎవరన్నా నీళ్లడిగితే మాత్రం లేయొద్దండి," అనేది. అంతే. మిగతాది వాళ్లే అల్లుకునేవాళ్లు. బ్యాంకు ఉద్యోగస్తుడు గ్యాస్ బండ కూడా బిగించకుండానే పోయాడు.

రామసుబ్బమ్మ చేయని పని లేదు. రంగులు వేయించింది. ఫ్యాన్లు పెట్టించింది. బాడుగ తగ్గించింది. చూడ్డానికి వచ్చినవాళ్లకు కాఫీ ఇచ్చి మరీ పైకి పంపింది. గుమ్మానికి గుమ్మడికాయ కట్టింది. అది కుళ్లి రాలిందే గానీ మనిషి నిలవలేదు. సామాను ఆటో వెనక్కి పోవడం చూసిన ప్రతిరోజూ ఫిరోజా కడుపునిండా తినేది.

అప్పుడు వచ్చింది శివాని. పత్తికొండ వైపు పిల్ల. మొగుడిది రాత్రి డ్యూటీ. ఫిరోజా చెప్పిందంతా తలూపుతూ విని, పాల ప్యాకెట్ తీసుకుని పోయింది. నెల గడిచింది. ఇంకో నెలా గడిచింది. మిద్దె మీద దండేనికి చీరలు ఆరుతూనే ఉన్నాయి.

ఫిరోజాకు నిద్ర పట్టలేదు. ఒక రాత్రి అత్త తెల్ల ఓఢ్నీ తలమీదుగా కప్పుకుని బయలుదేరింది. మెట్లెక్కి, వంటింటి కిటికీ కింద నక్కి, గొంతు ముసలిగా మార్చి — నోరు తెరిచింది.

అంతలోనే... లోపలినుంచి...

"థోడా పానీ దే, బేటీ..."

తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది.

లోపల చెంబు చప్పుడు. తలుపు తెరుచుకుంది. శివాని.

"బయటే నిలబడినావేమక్కా? రా."

"లోపల... ఎవరు?"

"నువ్వు చెప్పిన అవ్వే కదా," శివాని గొంతు తగ్గించింది. "అయితే నువ్వు చెప్పినట్టు నీళ్లు అనదు. పానీ అంటాది. నిలబడి తాగదు, నేలమీద కూర్చునే తాగుతాది. దాహమైన మనిషికి చెంబుడు నీళ్లిచ్చేదానికి భయమెందుకని నేనే పెడతాండా."

ఫిరోజా వంటింటి గడప వైపు చూసింది. అత్త కూర్చునే తాగేది. ఆ సంగతి తను ఎవరికీ చెప్పలేదు.

"నిన్నేం... చేయలేదా?"

"నన్నేం చేస్తాది? మాకు కొళాయి ఎప్పుడు తిప్పినా నీళ్లు ధారగా వస్తాయి. కింద రామసుబ్బమ్మోళ్లకే రావు. ఒకటే ట్యాంకు, పైపులన్నీ మార్పించినారు, అయినా చుక్క లేదు. పైకొచ్చి పట్టుకునేదానికి అవ్వంటే భయం, క్యాన్లు కొనుక్కొని తాగుతాండారు పాపం." ఆ పిల్ల మెల్లగా నవ్వింది. "పైన మేమన్నా ఉండామని ధైర్యం రామసుబ్బమ్మకు. ఖాళీ చేయమనదు, బాడుగ పెంచుతాననదు."

మెట్ల మీద అడుగులు. రామసుబ్బమ్మ కొడుకు వీరభద్ర. చేతిలో ఖాళీ చెంబు. తెల్ల ఓఢ్నీ చూసి గోడ పట్టుకుని ఆగిపోయాడు.

"నేనే వీరభద్రా... ఫిరోజాను."

"ఫిరోజమ్మా... అమ్మకు శానా జ్వరం. నాలుక పిడచగట్టింది. క్యాను అయిపాయ, అంగళ్లు మూసినారు. చెంబుడు నీళ్లు..."

ఎన్నేళ్లుగానో ఈ మాట వినాలనే ఆమె బతికింది.

"వాల్వు గది తాళంచెవి తెచ్చినావా?" అంది.

అతను తల దించుకున్నాడు. "అమ్మ కొంగునే ఉండాది."

అట్లాగే నిలబెట్టింది కాసేపు. తర్వాత చెంబు లాక్కుని లోపలికి పోయి నిండా పట్టుకొచ్చింది. ఎందుకిచ్చిందో ఆమెకే తెలియదు. ఆ పొద్దుటి పరుగు కాళ్లలో ఇంకా ఆగలేదేమో.

అతను రెండు చేతులా పట్టుకుని, చుక్క తొణక్కుండా దిగాడు. వెనకే ఫిరోజా దిగింది. మంచం మీద రామసుబ్బమ్మ — ఎండిన పెదవులు, తెరిచిన నోరు. కొడుకు తల ఎత్తి పట్టుకుని చెంబు వంచాడు.

ఏమీ రాలేదు.

ఇంకా వంచాడు. తలకిందులు చేశాడు. చేయి పెట్టి తడిమాడు. అడుగున తడి కూడా లేదు.

"ఇప్పుడే కదా నిండా..." అన్నాడు, ఫిరోజా వైపు తిరిగి.

ఆమె అతన్ని చూడటం లేదు. మంచం కిందికి చూస్తోంది. అక్కడ, చీకట్లో, నేలమీద కూర్చుని ఎవరో — ఏ తొందరా లేకుండా — గుటకలు వేస్తున్నారు.