కేసు వేసిందెవరు

కోర్టు రికార్డు రూములో అడుగుపెట్టిన మొదటిరోజే లెక్కల టీచరు అక్కడి గుమాస్తాతో తగువు పెట్టుకుంది. అరవై ఏళ్లనాటి తాతగారి విడాకుల ఫైలు కావాలంది. అతను కేసు నంబరు అడిగాడు. నంబరే తెలిస్తే మీతో నాకేం పనండీ అంది. అతను పాత రిజిస్టర్ల బీరువా తెరిచాడు.

ఫైలు నిజానికి ఆస్పత్రిలో ఉన్న వాళ్లమ్మకు కావాలి. తనకు రెండేళ్లప్పుడు నాన్న తమను వదిలించుకున్నాడని ఆవిడ జీవితమంతా నమ్మింది. డాక్టర్లు చేతులెత్తేశాక, నన్నెందుకు వద్దనుకున్నాడో తెలుసుకుని పోతానే అని కూతుర్ని అడిగింది.

మూడు వారాలు ఇద్దరూ తాతగారి పేరుతో పాత రిజిస్టర్లు తిరగేశారు. బడి వదలగానే ఆమె వచ్చేది. అతని చొక్కా చూసి "దుమ్ముగారూ" అని పిలిచేది. వాన వెలిసినా ఇంకా పడుతోందండీ అనేవాడతను. గదికి కిటికీ ఉందని గుర్తుచేసి, అయినా కూర్చునేది.

ఒక సోమవారం ఆమె వెళ్లాక అతనికి బుర్ర వెలిగింది. రిజిస్టర్లో కేసు వేసినవాళ్ల పేరే ఎక్కిస్తారు. వదిలేసింది తాత అని వాళ్లింట్లో అందరూ అంటుంటే, కేసు వేసిందీ ఆయనేనని అతనూ నమ్మేశాడు. అమ్మమ్మ పేరుతో చూస్తే పది నిమిషాల్లో దొరికింది. విడాకులు కోరింది ఆవిడ. పాపను వారానికొక్కసారైనా చూడనివ్వమని తాత మూడుసార్లు అర్జీ పెట్టుకున్నాడు.

ఫోన్ తీశాడు. చెప్పేస్తే ఇక రాదు కదా అనిపించింది. శుక్రవారం మనసులో మాటతోపాటు ఇదీ చెబుదామని ఫైలు సొరుగులో పెట్టాడు. మంగళ, బుధవారాలు ఆమె పక్కన కూర్చుని ఉత్తుత్తినే వెతికాడు.

గురువారం ఆమె రాలేదు. పదిహేను రోజులకు వచ్చి, ఆ గురువారం పొద్దున్నే అమ్మ పోయిందని, ఇక వెతకొద్దని చెప్పింది.

దొరకలేదని ఒక్క అబద్ధమాడితే చాలని అతనికి తెలుసు. సొరుగు తీసి ఫైలు ఆమె ముందు పెట్టాడు.

"ఆ వారం సోమవారమే దొరికిందండి. మీరు రావడం మానేస్తారని దాచాను. మీరంటే నాకు ఇష్టం."

ఆమె మూడు అర్జీలూ ఆసాంతం చదివింది.

"బుధవారం దాకా అమ్మకు స్పృహ ఉంది," అంది. "ఏమన్నా తెలిసిందా అని అడుగుతూనే ఉంది."

"క్షమించమని అడగనండి."

"అడక్కండి. నాకూ మీరంటే ఇష్టమే. అది చెబుదామనే ఇవాళ వచ్చాను."

నకలు కోసం ఎక్కడ దరఖాస్తు పెట్టుకోవాలో అడిగింది. కింద మూడో కౌంటరన్నాడు. ఆమె కిందికి వెళ్లింది. మళ్లీ ఆ గదికి రాలేదు.