శిలువ పటం మీద పసుపు

1932 మార్చి 24, గురువారం. పొద్దున ఏడూ ఇరవై.

తెల్లారితే గుడ్ ఫ్రైడే. కడప మిషన్ కాంపౌండు చర్చిలో ఎవరో శిలువ పటానికి పసుపు పూసినారు.

ఎస్.ఐ. ఉరుకుందప్ప వచ్చేసరికి హెడ్మాస్టరు ఏసేపు తీర్పు గూడా చెప్పేసినాడు.

"ఈ లక్ష్మన్నే! లోపలెయ్యండి!"

లక్ష్మన్న చర్చి ఊడుస్తాడు. బాప్తిస్మమై ఆర్నెల్లే. సాయంత్రానికి కాంపౌండులో గది ఖాళీ చెయ్యాలని హెడ్మాస్టరు ఆర్డరు. బయట అతని పెళ్లాం అప్పటికే గదిలోంచి కుండలు తెచ్చి పెట్టుకుంటాండాది.

"సాక్ష్యం?"

"నిన్న సాయంత్రం ఆరుకి పటం దించి గోడకానించింది వీడే. పసుపు పూజ! పాత బుద్ధి యాడికి పోతాది?"

"దుమ్ము తుడిచి పోయినా సామీ. అంతే."

"నోర్ముయ్!"

అరిచేసరికి హెడ్మాస్టరు గదమ మీద అంటించిన ముద్ద కదిలింది. దొరల మాదిరి రోజూ గడ్డం నున్నగా గీక్కుంటాడు. దొరలకు తెగదు. ఈయనకు తెగుతుంది.

వెనక బెంచీలో హెడ్మాస్టరు వాళ్ళమ్మ ప్రేమమ్మ తల దించుకోని కూచుంది.

ఎస్.ఐ. పటం ముందు గొంతుక్కూచున్నాడు. అరచేతులు. పాదాలు. పక్కటెముకలు. ముళ్ళు దిగిన నొసలు. ఇంకెక్కడా చుక్క లేదు. పసుపులో నల్లటి పొడి. వాసన చూసినాడు.

"కాంపౌండులో కాఫీ ఎవరు తాగుతారు సార్?"

హెడ్మాస్టరు ఛాతీ రెండంగుళాలు పెరిగింది. "మా ఇంట్లో మాత్రమే. పొడి మద్రాసు నుంచి తెప్పిస్తా. మిగతావాళ్ళు సంగటి మనుషులు."

"రాసుకున్నా. పూజ చేసేవాళ్ళు కుంకుమ మర్చిపోరు. పక్కటెముకలకు బొట్టు పెట్టరు. ఇది పూజ కాదు, మందు. పసుపూ కాఫీపొడీ. తెగినచోట రక్తం ఆగేదానికి." నోట్‌బుక్ మూసినాడు. "తమరి గదమ మీదుండేదీ ఇదే."

ప్రేమమ్మ లేచింది.

"నేనే పెట్టినానప్పా. పైనున్నప్పుడు అందల్యా. నిన్న దించినారు."

"అమ్మా! అది బొమ్మ!"

"బొమ్మ ముందర ఏడుస్తావు గదరా ప్రతి ఆదివారం?"

"కేసు రాయమంటారా సార్?" అన్నాడు ఎస్.ఐ. "లోపలెయ్యమంటిరి."

హెడ్మాస్టరు చెయ్యి గదమ మీదికి పోయింది. ఎస్.ఐ. వాకిలి వైపు తిరిగినాడు. "కుండలు లోపల పెట్టుకోమ్మా."

ప్రేమమ్మ కొడుకు గదమ చూసింది.

"పొద్దున ఇంత తెగినందుకు ఇల్లంతా లేపితివి. పటంలో ఆయప్పకు ఒళ్ళంతా గాయాలు. ఇన్నేండ్లుగా ఎదురుగ్గా కూచోని పాటలు పాడతాండారు. ఒక్కరన్నా చిటికెడు పసుపు పెడితిరా?"