ఏ కాలి మీద నిలబడాలి?

"మీరు వ్యాయామం చెయ్యడం లేదు కండక్టర్ గారూ. అబద్ధాలు చెప్పకండి!" ఫిజియోథెరపిస్టు కొలత టేపును బల్ల మీద పడేసింది.

పొద్దుటి నుంచి అతను పదకొండో పేషెంటు. ఊళ్ళో మోకాళ్ళన్నీ తన నెత్తినే పడ్డట్టుంది ఆమెకు. నడవమని మనిషికి మోకాలిచ్చిన దేవుడు దాన్ని ఇంత సన్నటి నరాల పట్టీలతో ఎందుకు కట్టాడో ఆయనకే తెలియాలి.

"పూటకి ముప్పైసార్లు చేస్తున్నాను మేడమ్. అమ్మ మీద ఒట్టు!"

"అమ్మగారిని మధ్యలోకి లాగకండి."

"ఆవిడ ఎప్పుడో దిగింది. 'మొక్కు నాది, వ్యాయామం నీది' అంటూ పక్కన కూర్చుని మరీ లెక్కపెడుతోంది."

ఆమెకు నవ్వు రాబోయింది గానీ అలసట రానివ్వలేదు.

సడన్ బ్రేకుకి కాలు మెలితిరిగి అతని కుడి మోకాలి లోపలివైపు లిగమెంటు సగం చిరిగింది. కత్తి అక్కర్లేదు, పట్టీ వేసుకుని ఆరు వారాలు వ్యాయామం చేస్తే చాలన్నారు డాక్టరు. తొడ కండ బలపడితేనే మోకాలు నిలుస్తుంది. నిలవకపోతే ఆపరేషన్, ఆపైన బస్సు మానేసి డిపోలో కుర్చీ. కుర్చీ అంటే అతనికి జైలే.

నాలుగు వారాలు గడిచాయి. కుడి తొడ చిక్కినది చిక్కినట్టే ఉంది. విచిత్రంగా ఎడమ తొడ అరంగుళం పెరిగింది.

"ఏదీ, చేసి చూపించండి."

అతను గంభీరంగా ఎడమకాలి మీద నిలబడి, దెబ్బతిన్న కాలు గాల్లోకి ఎత్తాడు.

"అయ్యో! నిలబడాల్సింది కుడికాలి మీదండీ!"

"మీరిలాగే చూపించారుగా? ఎదురుగా నిలబడి, ఇటువైపు కాలి మీద."

ఆమె నిలబడింది తన కుడికాలి మీదే. ఎదురుగా ఉన్న అతనికి అది ఎడమవైపు.

"కుడి అని చెప్పలేదా నేను?"

"'ఇలా' అన్నారు. అనేసి ఆవలించారు."

ఆ రోజు మొదటిసారి ఆమె కూర్చుంది. కళ్ళు తడిశాయి. "తప్పు నాది. మిమ్మల్ని తిట్టాను."

"ఊరుకోండి మేడమ్. నిలబడి బతికేవాళ్ళం మనం. సాయంత్రానికి ఒళ్ళు మన మాట వింటుందా? స్టాపు రాకుండానే నేనెన్నిసార్లు విజిల్ ఊదలేదు!"

ఆమె లేచి, ఈసారి అతని పక్కన నిలబడింది. "ఎదురుగా నిలబడబట్టే వచ్చింది పొరపాటంతా. ఇప్పుడు కుడికాలు. తూలితే నా భుజం పట్టుకోండి."

అతను తూలాడు. నిజంగానేనా అని ఆమె అడగలేదు.

ఆ సాయంత్రమే డాక్టరుకి తన పొరపాటు చెప్పింది. చివాట్లు తింది. అతనికి మాత్రం ఇంకో నెల గడువు సంపాదించింది.

గడువు తీరి, మోకాలు నిలిచి, అతను డ్యూటీలో చేరిన వారానికి ఆమె అతని బస్సెక్కింది.

"ఎక్కడికి మేడమ్?"

"ఆఖరి స్టాపు."

"మీ ఇల్లు నాలుగో స్టాపేగా?"

"ముప్పై లెక్కపెట్టిన ఆవిడ ఇల్లు ఆఖర్నేగా? రమ్మని కబురు పెట్టారు. ఒక మొక్కు తీరిందట, ఇంకోటి మొక్కుకున్నారట. అదేంటో అడగాలి."

"నన్నడగొచ్చుగా?"

"మీరు చెబితేగా! నెల రోజుల్నుంచి చూస్తున్నాను."

అతని చేతిలో టికెట్టు చిరగాల్సిన చోట కాకుండా ఇంకెక్కడో చిరిగింది.

బస్సు ఖాళీ అయింది. ఎదురు సీటు ఖాళీగా ఉన్నా అతను వచ్చి ఆమె పక్కనే కూర్చున్నాడు.

"ఎదురుగా ఉంటే పొరపాట్లు జరుగుతాయని మీరేగా చెప్పారు? ఆ రెండో మొక్కు నాది కూడా మేడమ్."

పగలంతా నిలబడిన ఆమె అతని భుజం మీద తల వాల్చి కళ్ళు మూసుకుంది.

"దిగేటప్పుడు లేపండి. విజిల్ మాత్రం ముందే ఊదకండి."