ఎర్రబల్బు వెలిగిన సాయంత్రం

“తీగకు కరెంటు ఎవరు పెట్టిన్రు?”

అత్తగారు మహాదేవమ్మ గొంతు విని పూజ ఉలిక్కిపడింది. అంతవరకూ ఆమెకు ఎంత సంబరంగా ఉందో! పెళ్లై రెండు నెలలు. మొన్ననే భర్త మల్లేశ్ చెయ్యి పట్టుకుని మరీ బోరు మోటారుకు ఫ్యూజు పెట్టడం నేర్పి, “మా ఇంటికి ఇంజినీరమ్మ వచ్చింది!” అని ఏడిపించి డ్యూటీకి వెళ్లాడు. ఇవాళ మామగారు శరణప్ప చేను తీగ స్విచ్చు వేసి చాయ్ హోటల్‌కు వెళ్లాక చూస్తే, గోడకున్న డబ్బాలో ఎర్రబల్బు వెలగడం లేదు. ఫ్యూజేమో పక్క గూట్లో ఉంది! తనే పెట్టేసింది. బల్బు వెలగగానే చిన్నపిల్లలా చప్పట్లు కూడా కొట్టుకుంది...

“నేనే పెట్టిన అత్తమ్మా! ఎవరో మర్చిపోయిన్రని...”

మహాదేవమ్మ చేతిలోని జొన్నపిండి ముద్ద జారి నేలమీద పడింది.

కోహీర్ దారిలోని వాళ్ల అల్లం చేనులో రెండుసార్లు దొంగలు పడ్డారు. పోలీసులు వచ్చి అడిగి వెళ్లారు కానీ ఎవరూ దొరకలేదు. శరణప్ప, కూలికొచ్చే నర్సింలు మీద అనుమానపడి పనికి రావద్దన్నాడు. ఆ తరువాత చేను చుట్టూ తీగ కట్టి కరెంటు ఇచ్చాడు. “చస్తమన్న భయముంటేనే దొంగ ఆగుతడు” అన్నాడు. ఇంట్లో ఎవరూ ఎదురు చెప్పలేదు.

“ఫ్యూజు రోజూ నేనే తీసిపెడ్తున్న బిడ్డా! అల్లం తవ్వుకపోయేది మన సచినే... ఇప్పుడే సంచి పట్టుకొని చేన్లకు పోయిండు!”

సచిన్! ‘వదినా, జర చాయ్ పొయ్యవా’ అంటూ పొద్దున్నే వంటింట్లోకి వచ్చే మరిది! పూజ ఎలా పరుగెత్తిందో ఆమెకే తెలియదు. డబ్బా దగ్గరికి చేరేసరికి చేను మూల నుంచి ఒక కేక వినిపించింది. ఒకే ఒక్క కేక! ఫ్యూజు పీకి గుప్పిట్లో బిగించింది. బల్బు ఆరిపోయింది. ఆ తరువాత ఏ చప్పుడూ లేదు... ఇద్దరూ ఏడుస్తూ ఆ సందె చీకట్లో గట్ల వెంట పడుతూ లేస్తూ పరుగెత్తారు.

సచిన్ బతికే ఉన్నాడు! తీగ పక్కన కూలబడి ఉన్నాడు. అతనికన్నా ముందు ఉరికిన ఇంటి కుక్క రాజా తీగ మీద వాలిపోయి ఉంది. దాని తోక ఇక ఊగదు.

“అమ్మా... నువ్వు ఫ్యూజు తీస్తవని నాకెరుకనే! గందుకే భయపడలే...” వెక్కివెక్కి ఏడ్చాడు. “ఫోన్ల పైసలాటలాడి అప్పుల్ల మునిగిపోయిన...”

“దొరికిండా దొంగ?” కేక విని దారి మీంచి ఉత్సాహంగా అరుస్తూ కట్టె పట్టుకుని వచ్చాడు శరణప్ప. కొడుకు ముఖం కనిపించింది. కట్టె చేతిలోంచి జారిపోయింది.

కొడుకు పక్కనున్న సంచిని మడిచి చంకలో పెట్టుకున్నాడు. “సరే... ఇంటి మాట ఇంట్లనే ఉండాలె.”

“మామయ్యా!” అంది పూజ. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. “రాజా జాగాల నర్సింలు పడి ఉంటే? గప్పుడు గూడ గిదే మాటంటరా?”

శరణప్ప మోకాళ్ల మీద కూర్చుని రాజాను తీగ మీంచి తప్పించాడు. మహాదేవమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

“తప్పు నాది గూడ ఉన్నది. పోలీసోళ్లు అడిగిన్నాడు తెల్సి తెల్సి తెల్వదన్న. గప్పుడే చెప్పి ఉంటే వీడు మళ్ల పోకపోవు... నువ్వు తీగ కట్టకపోదువు. కన్నకొడుకని దాచి, పరాయోని మీద నింద పడనిచ్చిన!”

శరణప్ప లేచి, కొయ్య కొయ్యకూ తీగ విప్పి చుట్ట చుట్టాడు. రాజాను తన తువ్వాలులో చుట్టి గట్టు పక్కన పూడ్చాడు. బండి స్టార్ట్ చేసి కొడుకు వైపు చూడకుండానే అన్నాడు: “ఎక్కురా. నువ్వు నీది చెప్పు... నేను నాది చెప్త. తీగ గూడ స్టేషన్ల పెట్టాలె.”

“బాపూ... నిన్ను గూడ లోపలేస్తరేమో!”

“ఏస్తె ఏయనీ.”

తండ్రీ కొడుకుల మధ్య తీగచుట్టతో బండి జహీరాబాద్ వైపు వెళ్లిపోయింది. వాళ్లు ఎప్పుడు తిరిగొస్తారో ఎవరికి తెలుసు! మహాదేవమ్మ గుండె పగిలేలా ఏడ్చి, ఉన్నట్టుండి లేచి నిలబడింది.

“నడువు బిడ్డా... తోడు రా. నర్సింలు ఇంటికి పోవాలె. వాని పెండ్లాం తలుపు తీస్తదో లేదో...”

పూజ అత్తగారి చెయ్యి పట్టుకోబోయి గుప్పిట విప్పింది. ఫ్యూజు అంచులు అరచేతిలో ఎర్రగా అచ్చుపడి ఉన్నాయి.